కారిడార్ సెన్సర్ లైట్లు: చలికాలం భేషుగ్గా ఉన్నాయి, ఏప్రిల్ నుంచి మనిషినే గుర్తుపట్టడం లేదు

సీక్యాంప్_సెక్రటరీ, కర్నూలు

అందరికీ నమస్కారం. మాది కర్నూలు సీ క్యాంప్ దగ్గర అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్, పైన 5 అంతస్తులు, అంతస్తుకు 4 ఇళ్లు. ఈ ఏడాది సెక్రటరీ పని నా నెత్తిన పడింది (మీటింగుకు కాస్త ఆలస్యంగా పోయినా, అప్పటికే నా పేరు రాసేసి పెట్టినారు).

కామన్ మీటర్ బిల్లు చూసినప్పుడల్లా ఒకటే గొడవ. అంతస్తుకు 4 చొప్పున 20 ఎల్‌ఈడీ ట్యూబులు, ఒక్కోటి 20 వాట్లు. వాచ్‌మన్ సాయంత్రం 6కి వేస్తాడు, పొద్దున ఆపడం మాత్రం ఆయన దయ, ఒక్కోసారి 9 దాకా ఎండలో కూడా వెలుగుతూనే ఉంటాయి. ఏమీ అనలేం, గేటు, నీళ్లు, చెత్త, పార్సిళ్లు అన్నీ ఆయనే చూసుకోవాల.

అందుకని డిసెంబరులో రెండో అంతస్తులో ట్రయల్‌గా రెండు మోషన్ సెన్సర్లు పెట్టించినాం. గోడకు బిగించే రకం, ముందు తెల్లగా ఉబ్బెత్తుగా గళ్లుగళ్లుగా ప్లాస్టిక్ మూత ఉంటుంది చూడండి, అవి. అప్పుడు లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే చాలు లైటు పడేది, అందరూ మా అంతస్తుకూ పెట్టించండి అని వెంటపడినారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది, దాంతోపాటే వీటి తెలివి కూడా పోయినట్టుంది. ఏప్రిల్ నుంచి సాయంత్రం పూట మనిషి సగం కారిడార్ నడిచినా వెలగదు, దాని కింద నిలబడి చేతులు ఊపాల. తెల్లవారుజామున పాలపాకెట్ కోసం వస్తే మళ్లీ బాగానే వెలుగుతుంది! షాపాయన పీస్ ఫాల్టీ అని మార్చి ఇచ్చినాడు, అదీ అంతే.

ఇప్పుడు కమిటీలో సగం మంది పీకేయమంటున్నారు, సగం మంది ఇంకా ఖరీదైనది తెద్దామంటున్నారు. అసలు ఇవి మన ఎండలకు పనికొస్తాయా? వేరే రకం ఏమైనా ఉందా? పెద్దవాళ్లు చీకట్లో పడతారేమో అని నాకు ఇంకో టెన్షన్. మీ దగ్గర వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


బురుజు_బుల్లోడు, కర్నూలు

ఓర్వకల్లు పక్కన గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టుకుని మనోళ్లు ట్యూబ్‌లైట్లకు ఏడుస్తున్నారు చూడు.


సీక్యాంప్_సెక్రటరీ

అది పగలు పనిచేసేది సామీ, నా బాధ రాత్రిది.


ఈసీఈ_సార్, అనంతపురం

మీ సెన్సర్ చెడిపోలేదు, షాపాయన మార్చి ఇచ్చినదీ చెడిపోలేదు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అది పీఐఆర్ రకం, దానికి వేసవి అంటేనే పడదు.

పీఐఆర్ అంటే పాసివ్ ఇన్‌ఫ్రారెడ్. అది కెమెరా కాదు, మనిషిని చూడదు, తానుగా ఏ కిరణాన్నీ వదలదు. మన ఒంటి నుంచి వేడి పరారుణ కిరణాలుగా ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటుంది, తరంగదైర్ఘ్యం 10 మైక్రాన్ల అటూ ఇటూ. సెన్సర్ లోపల వేడి తేడాకు స్పందించే చిన్న పలక రెండు భాగాలుగా ఉంటుంది. ముందున్న ఆ గళ్ల మూత మామూలు మూత కాదు, ఫ్రెనెల్ లెన్స్. ఎదురుగా ఉన్న జాగాను అది గళ్లుగా కోసి ఒకసారి ఈ భాగం మీద, ఒకసారి ఆ భాగం మీద పడేలా చేస్తుంది. మనిషి అడ్డంగా నడిస్తే ఒంటి వేడి ఒక గడి నుంచి ఇంకో గడికి దాటుతుంది, రెండు భాగాల మధ్య తేడా వస్తుంది, ఆ తేడాకే లైటు వెలుగుతుంది.

ఇక్కడే మన సీమ ఎండల కథ మొదలవుతుంది. దానికి కావలసింది మనిషి వేడి ఎంత అన్నది కాదు, మనిషికీ వెనక ఉన్న గోడకూ మధ్య తేడా ఎంత అన్నది. మన చర్మం పైన 32 నుంచి 35 డిగ్రీలు, బట్టల మీద ఇంకాస్త తక్కువ. డిసెంబరు రాత్రి గోడ 20 డిగ్రీలుంటే మనిషి దాని ముందు స్పష్టంగా కనిపిస్తాడు. అదే మే నెలలో పగలంతా 42, 43 డిగ్రీలు తిన్న పడమటి గోడ రాత్రి 8 దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, అదీ 35 దగ్గరే. అప్పుడు దానికి మనిషి కనిపించడం సున్నం గోడ మీద సున్నంతో రాసినట్టే. తెల్లవారుజామున బాగా వెలుగుతోందన్నారు కదా, అప్పటికి గోడలు కాస్త చల్లబడి ఉంటాయి, అంతే తప్ప దానికి పాలపాకెట్ మీద ప్రేమేమీ లేదు. చేయి ఊపితే వెలగడం కూడా ఇందుకే, బట్టలు లేని చర్మం, అదీ దగ్గర నుంచి, అదీ అడ్డంగా కదులుతోంది.

ఆ డబ్బాలో మడత పెట్టిన చీటీ ఒకటి ఉంటుంది, పారేయకపోతే తీసి చూడండి. డిటెక్షన్ దూరం 12 మీటర్లు అని పెద్దగా వేసి, పక్కనే చిన్నగా 24 డిగ్రీల లోపు అని రాసి ఉంటుంది. మన దగ్గర 24 లోపు అంటే ఏడాదిలో ఎన్ని సాయంత్రాలు దొరుకుతాయో మీకే తెలుసు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, చదవని లోపం మనది.

కొన్ని ఖరీదైన పీఐఆర్‌లలో ఉష్ణోగ్రతను బట్టి సెన్సిటివిటీ దానంతట అదే పెంచుకునే ఏర్పాటు ఉంటుంది. దానితో కొంత మెరుగు. కానీ పూర్తి పరిష్కారం కాదు, సెన్సిటివిటీ పెరిగితే వడగాలికి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ నుంచి వచ్చే సెగకు కూడా ఊరికే వెలుగుతుంది.

వేరే రకం అడిగారు కదా, మైక్రోవేవ్ సెన్సర్. ఇది 5.8 గిగాహెర్ట్జ్ తరంగాలు తానే పంపి, కదిలేదాని మీద పడి తిరిగొచ్చే తరంగంలో మార్పు చూస్తుంది, డాప్లర్ పద్ధతి. ఎండ, చలి రెండూ దానికి ఒకటే. ఇంకో లాభం ఉంది, పీఐఆర్ అడ్డంగా నడిచేవాళ్లను బాగా పట్టుకుంటుంది, నేరుగా తన వైపు వచ్చేవాళ్లను ఆలస్యంగా పట్టుకుంటుంది. మైక్రోవేవ్ దీనికి తిరగబడ్డది, ఎదురొచ్చేవాళ్లను, దూరం పోయేవాళ్లను చక్కగా పట్టుకుంటుంది. మీది సన్నగా పొడుగ్గా ఉండే కారిడార్ అయితే జనం ఎలాగూ నిలువుగానే నడుస్తారు కాబట్టి అదే నయం. రేడియేషన్ అని ఎవరైనా మీటింగులో లేస్తే చెప్పండి, దాని పవర్ మిల్లీవాట్లలో ఉంటుంది, లేచినాయన చేతిలో ఉన్న మొబైల్ కంటే చాలా తక్కువ.


ప్లయర్_కట్టర్, కడప

సార్ చెప్పింది కరెక్టే గానీ మైక్రోవేవ్ అనగానే పరిగెత్తి తెచ్చుకోవద్దన్నా. నేను ఎర్రముక్కపల్లి వైపు వైరింగ్ పనులు చేస్తాను, దాని తిక్క దానికీ ఉంది. అది సన్న గోడ, చెక్క తలుపు, అద్దం అన్నీ దాటి చూస్తుంది. ఇంట్లో పిల్లోడు తలుపు వెనక ఎగిరితే బయట కారిడార్‌లో లైటు పడుతుంది. పక్కనే పైపుల షాఫ్ట్ ఉండి ప్లాస్టిక్ పైపులో నీళ్లు దిగితే దానికీ వెలుగుతుంది. అర్ధరాత్రి ఎవరో ఫ్లష్ కొడితే కారిడార్‌లో లైటు వేసి ఊరందరికీ చాటింపు వేసినట్టు ఉంటుంది. అందుకే సెన్సిటివిటీ తిప్పుడు ఉన్నదే తీసుకోవాల, మొదట సగానికి పెట్టి, రెండు రోజులు చూసి తగ్గించుకుంటూ పోవాల. షాఫ్ట్ గోడకు ఆనించి బిగించకూడదు.

ఇంక మీరు ఉన్న పీఐఆర్‌లు పారేయాల్సిన పనిలేదు. అవి ఎక్కడ బిగించినారో చెప్పలేదు మీరు. మావాళ్లు ఎక్కువమంది కారిడార్ చివర గోడకు, పొడుగునా చూసేటట్టు కొడతారు, కేబుల్ అక్కడే దొరుకుతుంది కాబట్టి. అది వాళ్లకు సులువు, సెన్సర్‌కు కష్టం. లిఫ్ట్ దగ్గర, మెట్లు ఎక్కి మలుపు తిరిగే చోట, మనిషి దాని ముందు నుంచి అడ్డంగా దాటేటట్టు పక్క గోడకు పెట్టండి, తల కంటే కాస్త ఎత్తున. 12 మీటర్ల ఆశ వదిలేసి 3, 4 మీటర్లకు ఒకటి లెక్కేసుకుంటే మే నెలలో కూడా చాలావరకు పట్టుకుంటుంది. సాయంత్రం ఎండ నేరుగా లెన్స్ మీద పడే చోట వద్దే వద్దు.

వైరింగ్ గురించి ఒకటి గట్టిగా చెప్పాల. ఈ సెన్సర్లకు మూడు వైర్లు వస్తాయి. ఎక్కువ వాటిలో గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఎరుపు లైటుకు పోయేది. మన దగ్గర ఏళ్ల తరబడి ఎరుపు అంటే ఫేజ్ అని చేతికి అలవాటు. చీటీ చూడకుండా ఎరుపుకు ఫేజ్ ఇచ్చేస్తారు, లైటు అసలు ఆరదు, లేదా అసలు వెలగదు, చివరికి సెన్సర్ దండగ అని పేరు. రంగులు కంపెనీని బట్టి మారుతాయి, చీటీ పక్కన పెట్టుకునే బిగించమనండి.

ఇంకోటి, స్విచ్ బోర్డులో న్యూట్రల్ ఉండదు చాలా పాత అపార్ట్‌మెంట్లలో, ఫేజ్ ఒక్కటే దిగి పైకి పోతుంది. అందుకని సెన్సర్‌ను స్విచ్ దగ్గర కాకుండా లైటు పాయింట్ దగ్గర కలపాల, అక్కడ రెండూ ఉంటాయి. రెండు వైర్ల రకం ఉంది, న్యూట్రల్ అక్కర్లేదు అని అమ్ముతారు, అది ఎల్‌ఈడీకి పెడితే ఆపినా మిణుకుమిణుకుమని దయ్యం లైటులాగా వెలుగుతూ ఉంటుంది. తీసుకోవద్దు.

డబ్బా మీద 1200 వాట్లు అని ఉంటుంది, ఆశపడి బిల్డింగ్ మొత్తం ఒక్క సెన్సర్‌కు కట్టేస్తారు. అది పాత బల్బుల లెక్క. ఎల్‌ఈడీలకు 300 వాట్లో ఎంతో వేరేగా రాసి ఉంటుంది కింద. ఎల్‌ఈడీ డ్రైవర్, అంటే ట్యూబు లోపల కరెంటును మార్చి ఇచ్చే సర్క్యూట్, వెలిగే క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, నాసిరకం ట్యూబులైతే మరీ. రోజుకు వందసార్లు పడి ఆరే చోట ఆ దెబ్బకు సెన్సర్ లోపల రిలే, అంటే లైటును కలిపి విడదీసే చిన్న స్విచ్, దాని కాంటాక్టులు అంటుకుపోతాయి. లైటు ఇంక ఆరనే ఆరదు, టెస్టర్ పిడితో డబ్బా మీద టక్కున కొడితే ఆరిపోతుంది. ఆ టక్కుకు ఆరిందంటే రిలే పోయిందని అర్థం. ఒక్కో అంతస్తుకు విడిగా పెట్టుకోండి, 80 వాట్లే కదా మీది, నిమ్మళంగా ఉంటుంది. పాత చోక్, స్టార్టర్ ట్యూబులు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటికి మాత్రం సెన్సర్ పెట్టొద్దు, పడి ఆరి పడి ఆరి కొసలు నల్లబడి తొందరగా పోతాయి.


రామ్‌నగర్_రాధక్క, అనంతపురం

మీరంతా సెన్సర్ గురించి మాట్లాడుతున్నారు, ఆ లైటు కింద నడిచే మనుషుల గురించి నేను చెప్తా. మా అపార్ట్‌మెంట్లో పోయినేడాది పెట్టినారు. మా అత్తమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది. తలుపు తీయగానే ఎదురుగా కటిక చీకటి, రెండడుగులు వేస్తే గానీ లైటు పడదు, పడినప్పుడు ఒక్కసారిగా భగ్గున కళ్లలో కొడుతుంది. ఆమెకు ఆ రెండడుగులే భయం. గడప దాటకుండా చెయ్యి బయటికి చాపి ఊపుతుంది, లైటు పడినాక అడుగు బయట పెడుతుంది. చూసేవాళ్లకు నవ్వుగా ఉంటుంది, మాకు ఉండదు.

రాత్రి డ్యూటీ నుంచి వచ్చే ఆడపిల్లలకు ఇంకోలా ఉంటుంది. లిఫ్ట్ తెరిచాక చీకట్లో ఎవరైనా నిలబడి ఉన్నారో లేదో తెలియదు, కదలకుండా నిలబడితే ఆ సెన్సర్‌కు మనిషి లేనట్టే కదా. మా వైపు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లు కూడా అంతే, మాట మధ్యలో లైటు ఆరిపోతుంది, ఒకరు చెయ్యెత్తి ఊపుతారు.

ఇంకా టైం సంగతి. మాకు బిగించినతను పరీక్ష కోసం 10 సెకన్లకు పెట్టి అట్లే వదిలేసి పోయినాడు. హ్యాండ్‌బ్యాగులో తాళం వెతికేలోపు లైటు పోతుంది, సంచులు చేతిలో ఉంటే చెయ్యి ఊపడానికీ లేదు. స్టూల్ వేసుకుని నేనే ఎక్కి చూసినా, కింద వైపు సన్న స్క్రూలు మూడు ఉన్నాయి, ఒకదాని దగ్గర టైం అని, ఒకదాని దగ్గర సూర్యుడు, చంద్రుడు బొమ్మలు. టైం స్క్రూ తిప్పి 2, 3 నిమిషాలు చేసినాక ఇంట్లో గొడవ సగం తగ్గింది.

నా మాట ఏమంటే, పూర్తిగా ఆరిపోయేది పెట్టకండి. మనిషి లేనప్పుడు సన్నగా వెలుగుతూ, రాగానే పూర్తిగా వెలిగే ట్యూబులు ఉన్నాయి, సెన్సర్ లోపలే ఉంటుంది, పాత ట్యూబు తీసి అది పెట్టడమే. మా చెల్లెలు వాళ్ల అపార్ట్‌మెంట్లో చూసినా. అక్కడ అత్తమ్మ చెయ్యి ఊపకుండా నడిచింది.


లెక్కల_మామ, ప్రొద్దుటూరు

రాధమ్మ చెప్పినదానికి లెక్క వేసి చూపిస్తా, అప్పుడు మీ కమిటీ నోరు మూసుకుంటుంది.

20 ట్యూబులు, 20 వాట్లు, మొత్తం 400 వాట్లు. సాయంత్రం 6 నుంచి పొద్దున 6 దాకా 12 గంటలు అంటే రోజుకు 4.8 యూనిట్లు, నెలకు 144. మీ వాచ్‌మన్ 9 దాకా మరిచిపోతే ఇంకో 36 కలిసి 180. ఈ 36 మిగలడానికి సెన్సర్లే అక్కర్లేదు, చీకటి పడితే వేసి తెల్లవారితే ఆపే ఫొటోసెల్ స్విచ్ ఒకటి మెయిన్‌కు పెడితే చాలు. ముందు అది చెయ్యండి, ఆ పెద్దాయన్ను తిట్టడం కూడా తప్పుతుంది.

ఇప్పుడు సెన్సర్. ఒక్కో ట్యూబు రాత్రంతా కలిపి 3 గంటలు పూర్తిగా వెలిగిందనుకుందాం. మిగతా 9 గంటలు మొత్తం ఆరితే నెలకు 108 యూనిట్లు మిగులు. అదే 9 గంటలు ఆరకుండా 20 శాతం వెలుతురుతో, అంటే సుమారు 4 వాట్లతో వెలిగితే మిగులు 86. తేడా 22 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 176 రూపాయలు, 20 ఇళ్లకు పంచితే ఇంటికి నెలకు 9 రూపాయలు కూడా లేదు. ముసలావిడ తుంటి ఎముక మీద ఆ 9 రూపాయలు మిగల్చాలని ఎవరైనా అంటే వాళ్ల పేరు మినిట్స్‌లో రాయించండి.

అసలు ఈ సెన్సర్ల గొప్ప పాత రోజుల్లో ఎక్కువ. 40 వాట్ల ట్యూబు, దానికి చోక్ కలిపి 50 వాట్ల దాకా లాగేది. 2015 జనవరిలో ఉజాలా పథకం వచ్చినాక ఎల్‌ఈడీలు చవకై ఊరంతా మారినాయి, అప్పుడే సగానికి పైగా ఖర్చు తగ్గిపోయింది. ఇప్పుడు సెన్సర్ తగ్గించేది ఆ మిగతా ఖర్చులో కొంత. చెడ్డది కాదు, కానీ దానికోసం తలలు పగలగొట్టుకోవద్దు.

మీ కామన్ మీటర్‌ను తినేది లైట్లు కాదు సార్. బోరు మోటారు ఎంత? 5 హెచ్‌పీ అయితే గంటకు 4 యూనిట్లకు పైనే. రోజుకు 3 గంటలు ఆడితే మీ లైట్లన్నీ రాత్రంతా తినేదానికి రెండున్నర రెట్లు. పై ట్యాంకు పొర్లి పోర్టికోలో పారుతుంటే చూస్తూ కూర్చునే అపార్ట్‌మెంట్లు ఎన్ని లేవు! ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ గానీ లెవెల్ కంట్రోలర్ గానీ ఉందా లేదా చూడండి. ఇంకా ఓపిక ఉంటే సోలార్. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్‌లో అపార్ట్‌మెంట్ సంఘాల కామన్ వాడకానికి కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. బుల్లోడు ఎగతాళి చేసినాడు గానీ నెట్ మీటరింగ్‌లో పగలు పండించింది రాత్రి వాడకంలో తగ్గుతుంది కదా.


బురుజు_బుల్లోడు

చూసినారా, నేను మొదటే చెప్పినా.


సీక్యాంప్_సెక్రటరీ

అందరికీ థ్యాంక్స్. చీటీ దొరికింది, స్టోర్ రూంలో డబ్బాలోనే ఉంది. సార్ చెప్పినట్టే 12 మీటర్ల పక్కన 24 డిగ్రీలు అని చీమ తలంత అక్షరాల్లో ఉంది. షాపాయనకు ఫోటో పంపినా, చూసి ఒక నమస్కారం బొమ్మ పెట్టినాడు.

మా రెండూ కారిడార్ చివర గోడకే ఉన్నాయి, కడప అన్న కళ్లతో చూసినట్టే చెప్పినాడు. ఆ గోడ పడమర కూడా. మామ చెప్పిన లెక్క వాట్సాప్ గ్రూపులో పెట్టినా, పూర్తిగా ఆర్పేద్దాం అన్న ఇద్దరూ ఇంకా బదులు ఇవ్వలేదు.

ఇప్పటికి ఇలా అనుకుంటున్నా. ముందు ఫొటోసెల్. కారిడార్లలో సన్నగా వెలుగుతూ ఉండే మైక్రోవేవ్ ట్యూబులు, మొదట రెండు అంతస్తులకే. పాత పీఐఆర్‌లు రెండూ పార్కింగ్‌లో మీటర్ల గది దగ్గర, స్టోర్ దగ్గర పెడతా, అక్కడ ఎలాగూ మనిషి దాని ముందు నుంచే దాటాల. మెట్ల సంగతి ఒక్కటి తేలలేదు. మెట్లకు కిటికీలు లేవు, కరెంటు పోతే కామన్ ఇన్వర్టర్ మీద అవే ఆధారం. ఇంకో అనుమానం, మా కారిడార్‌లో నల్ల కడప బండలు పరిచినారు, 20 శాతం వెలుతురు సరిపోతుందా? లిఫ్ట్ దగ్గర సీసీ కెమెరా కూడా ఉంది.


ప్లయర్_కట్టర్

నల్ల బండ అయితే 20 శాతం చాలదన్నా, మా ఊరి బండ వెలుతురు మింగేస్తుంది, గోడలు ఎంత తెల్లగా ఉన్నా కింద మెట్టు అంచు కనిపించదు. 30 శాతం దాకా తగ్గేవి కూడా వస్తాయి, అవి తీసుకోండి, లేదా అంతస్తుకు లిఫ్ట్ దగ్గర ఒక్క ట్యూబు సెన్సర్ లేకుండా రాత్రంతా పూర్తిగా వదిలేయండి. కెమెరాకు కూడా అదే మంచిది. లేకపోతే చీకటి కాగానే అది నలుపు తెలుపులోకి పోతుంది, లైటు పడగానే మళ్లీ రంగులోకి వస్తుంది, ఆ మారే క్షణంలోనే మనిషి ముఖం చెదిరిపోతుంది. దొంగ ముఖం కావల్సింది సరిగ్గా అప్పుడే కదా.

మెట్లకు సెన్సర్ వద్దు. ప్రతి మలుపులో 5 వాట్లో 7 వాట్లో చిన్న బల్బు ఒకటి ఇన్వర్టర్ లైన్ మీద రాత్రంతా ఉంచండి. మంటలో పొగలో ఏదైనా అయితే జనం దిగేది మెట్ల మీదనే, అక్కడ సెన్సర్ కనిపెట్టిందా లేదా అని ఎదురుచూసే పని ఉండకూడదు. మరీ పొదుపు కావాలంటే పాత పద్ధతి ఉంది, ప్రతి అంతస్తులో నొక్కుడు బటన్, నొక్కితే 3 నిమిషాలు పెద్ద లైటు వెలిగి ఆరిపోయే టైమర్. అందులో కనిపెట్టే పనే లేదు కాబట్టి ఎండాకాలం, చలికాలం అన్న బాధ లేదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు సెన్సర్లన్నీ ఒక అర నిమిషం ఊరికే వెలుగుతాయి, అది వాటి స్వభావం, పాడైందని ఫోన్లు చేస్తారు మీకు, గ్రూపులో ముందే చెప్పిపెట్టుకోండి.

బిగించే రోజు ఇంకో తమాషా జరుగుతుంది. పట్టపగలు బిగిస్తారు, చంద్రుడి బొమ్మ వైపు తిప్పి ఉంటే పగలు వెలగదు, పనిచేయలేదని పీకేస్తారు. పరీక్షకు సూర్యుడి వైపు తిప్పి, అయిపోయినాక చంద్రుడి వైపు తిప్పమనండి. పాలిష్‌కో సున్నానికో మనుషులు వచ్చినప్పుడు మీటర్ల గది దగ్గర పీఐఆర్‌లకు ముందే కాగితం అంటించండి. మొన్న సంక్రాంతికి ఒకచోట గోడతో పాటు లెన్స్ మీద కూడా బ్రష్ లాగేసినారు, మూడు సెన్సర్లు గుడ్డివైపోయినాయి. గీకితే లెన్స్ మీద గీతలు పడతాయి, తడిగుడ్డతోనే తుడవాల, పెయింట్ ఎండక ముందే.


రామ్‌నగర్_రాధక్క

టైం స్క్రూ మరిచిపోవద్దు. 3 నిమిషాలు.


సీక్యాంప్_సెక్రటరీ

రాసి పెట్టుకున్నా అక్కా. ట్యూబులు రెండు అంతస్తులకు ఆర్డర్ ఇచ్చి, మే నెలాఖరు దాకా చూసి మిగతా మూడింటి సంగతి మీటింగులో పెడతా. డిసెంబరులో ట్రయల్ మాత్రం ఇంక చేసేది లేదు.